నాలుగు నెలలు జైల్లో ఉంటే వ్యసనం పోతుందా? ఒక తల్లి ఉత్తరానికి సమాధానం

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది హన్మకొండ. నేను ప్రభుత్వ స్కూల్లో టీచర్‌ని. మా అబ్బాయికి 24 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. దసరాకి ఇంటికొచ్చినప్పుడు వాడి బ్యాగులో కాలిన సిల్వర్ ఫాయిల్ ముక్కలు, గొట్టంలా చుట్టిన పది రూపాయల నోటు కనిపించాయి. నిలదీస్తే ఏడ్చేశాడు. హెరాయిన్ అట, ఏడాదిగా అలవాటట. మా అన్నయ్య పోలీసు శాఖలో చేసి రిటైరయ్యాడు. "కేసు పెట్టిద్దాం, నాలుగు నెలలు లోపలుంటే వాడే దారికొస్తాడు" అంటున్నాడు. మా ఆడపడుచు పెళ్లి చేసేయమంటోంది. మా అమ్మాయి అమెరికాలో, ఒరెగాన్‌లో ఉంటుంది. అక్కడ డ్రగ్స్ దగ్గర ఉంచుకోవడం నేరం కాదని చట్టం తెచ్చి, రోడ్ల మీద జనం పడి ఉండటం చూడలేక మళ్లీ నేరం చేశారని, మామయ్య చెప్పిందే కరెక్టని అంటోంది. వాడేమో "పోర్చుగల్‌లో ఇది నేరమే కాదు, నన్ను దొంగను చూసినట్టు చూడకండి" అంటాడు. ఎవరి మాట వినాలి? అసలు ఇది నేరంగా ఉండాలా, వద్దా? వాడిని నేనేం చేయాలి?
ఒక తల్లి, హన్మకొండ

అమ్మా,

మీ చివరి ప్రశ్నకు తొందర ఉంది కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. కేసు పెట్టించకండి. పెళ్లి చేయకండి. ఈ వారంలోనే వాడిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నిలదీసినప్పుడు వాడు ఏడ్చాడని రాశారు చూడండి, ఆ ఒక్క వాక్యం నాకు ధైర్యం ఇచ్చింది. అబద్ధం చెప్పి తప్పించుకోగలిగి కూడా నిజం చెప్పాడు. సాయం అడగడం చేతకాని పిల్లలు చాలామంది అలాగే అడుగుతారు.

మీ అన్నయ్యగారు మేనల్లుడి మీద ప్రేమతోనే ఆ మాట అన్నారని నాకు తెలుసు. కానీ ఆ నాలుగు నెలల్లో లోపల ఏం జరుగుతుందో, బయటికొచ్చాక ఏం జరుగుతుందో డాక్టరుగా చెప్పాల్సిన బాధ్యత నాది. హెరాయిన్ ఆగిన మొదటి రోజే ఆవలింతలు, కళ్ల నుంచి ముక్కు నుంచి నీళ్లు, ఒళ్లంతా గగుర్పాటు మొదలవుతాయి. రెండో రోజు, మూడో రోజు కాళ్లు పీకేస్తాయి, వాంతులు, విరేచనాలు, నిద్ర ఉండదు. మందులిస్తే ఇదంతా చాలావరకు తట్టుకోగలిగిన బాధే. లాకప్‌లో ఆ మందులు ఎవరిస్తారు? వారం పది రోజులకు ఒంట్లో బాధ తగ్గుతుంది. కోరిక మాత్రం తగ్గదు. ఈలోగా అంతకుముందు ఎంత వాడితే ఏమీ కానిదో అంత మోతాదును ఒళ్లు ఇక తట్టుకోలేదు. బయటికొచ్చిన వాడు పాత లెక్కలోనే పీలిస్తే, ఊపిరి ఆగిపోవచ్చు. జైలు నుంచి విడుదలైన మొదటి రెండు వారాలు హెరాయిన్ అలవాటున్న వాళ్లకు ప్రాణం మీదికొచ్చే రోజులని చాలా దేశాల్లో పరిశోధనలు తేల్చాయి. అన్నయ్యగారికి ఈ సంగతి తెలిస్తే ఆయనే కేసు వద్దంటారు.

చట్టం సంగతి కూడా ఆయనతో కూర్చుని మాట్లాడండి, ఆయనకు తెలిసిన భాషే. డ్రగ్స్ నేరాలకు వర్తించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం హెరాయిన్ వాడటమే నేరం. సెక్షన్ 27 కింద ఏడాది దాకా కఠిన జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దగ్గర ఉంచుకుంటే శిక్ష బరువును బట్టి ఉంటుంది. ఐదు గ్రాముల దాకా చిన్న మోతాదు, ఏడాది దాకా జైలు. ఐదు దాటితే పదేళ్ల దాకా. 250 గ్రాములు దాటితే కనీసం పదేళ్లు, ఇరవై ఏళ్ల దాకా, ఇక బెయిలు దొరకడం మహా కష్టం. ఆ ఐదు గ్రాములు ఎలా లెక్కేస్తారన్నదే అసలు చిక్కు. పొడిలో హెరాయిన్ ఎంత, కలిపిన చెత్త ఎంత అని విడదీయరు. మొత్తం బరువే లెక్క అని 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వీధిలో అమ్మే సరుకులో కల్తీయే ఎక్కువ. ముగ్గురు స్నేహితులు డబ్బులేసుకుని, ఒకడు వెళ్లి ముగ్గురికీ తెచ్చాడనుకోండి. ఆ తెచ్చిన వాడి జేబులో ఐదు గ్రాములు దాటడం ఎంతసేపు? ముగ్గురిదీ ఒకే అలవాటు, ఆ రోజు వంతు ఎవరిదైతే వాడి మీద పదేళ్ల కేసు. మీ వాడు ఇంకా ఆ గీతకు ఇవతలే ఉన్నాడని నా ఆశ.

ఇదే చట్టంలో ఇంకో తలుపు కూడా ఉంది. చాలామందికి తెలియదు, కొందరు వకీళ్లు కూడా గుర్తు చేయరు. సెక్షన్ 64ఏ. వాడిన నేరం మీద గానీ, చిన్న మోతాదు దగ్గరున్న నేరం మీద గానీ కేసు పడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనో చికిత్సకు చేరి, దాన్ని పూర్తి చేస్తే అతని మీద ప్రాసిక్యూషన్ ఉండదు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. శిక్ష పడే దశలో కూడా జైలుకు బదులు చికిత్సకు పంపే అధికారం సెక్షన్ 39 కింద కోర్టుకు ఉంది. మీ వాడి మీద అసలు కేసే లేదు కాబట్టి ఇవేవీ ఇప్పుడు అక్కర్లేదు. చికిత్సకు వెళ్తే డాక్టరు పోలీసులకు చెప్పేస్తాడేమోనన్న భయం మీకుంటే అది వదిలేయండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా జబ్బుగానే చూస్తుంది, పేషెంటు వివరాలు గోప్యంగా ఉంచమంటుంది.

ఇక మీ అమ్మాయి మాట, అబ్బాయి మాట. ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ ఇద్దరూ సగమే చెప్పారు.

పోర్చుగల్‌లో 1990ల చివర్లో జనాభాలో నూటికి ఒకరు హెరాయిన్ బారిన పడ్డారని అంచనా. లిస్బన్‌లో కసాల్ వెంటోసో అనే బస్తీలో పట్టపగలే అమ్మకం, వాడకం రెండూ నడిచేవి. 2001 జులై నుంచి అక్కడ ఏ డ్రగ్ అయినా పది రోజుల వాడకానికి సరిపడేంత లోపు దగ్గరుంటే క్రిమినల్ కేసు పెట్టడం మానేశారు. హెరాయిన్ అయితే అది ఒక్క గ్రాము. గమనించండి అమ్మా, మన చట్టం చిన్న మోతాదు అనే దానిలో ఐదో వంతు. అమ్మేవాడికి జైలు ఎప్పటిలాగే ఉంది. వాడేవాడి పొడిని పోలీసులు లాక్కుంటారు, అతన్ని ముగ్గురు సభ్యుల కమిషన్ ముందుకు పంపుతారు. అది కోర్టు కాదు, సైకాలజిస్టులు, సోషల్ వర్కర్లు, లా చదివినవాళ్లు ఉండే బృందం. ఎన్నాళ్లుగా వాడుతున్నావు, పనికి వెళ్తున్నావా, ఇంట్లో ఎవరున్నారు అని అడిగి, వ్యసనం ఉందనుకుంటే చికిత్స వైపు మళ్లిస్తారు. అవసరమైతే జరిమానా కూడా వేయగలరు. అంటే మీ వాడు లిస్బన్‌లో ఉన్నా "నా ఇష్టం, నన్ను వదిలేయండి" అంటే కుదిరేది కాదు. ఇది వాడికి చదివి వినిపించండి.

ఆ దేశానికి మేలు జరగడానికి కారణం కేసులు ఎత్తేయడం ఒక్కటే కాదు. అదే సమయంలో చికిత్స కేంద్రాలు, హెరాయిన్‌కు బదులు వాడే మెథడోన్ అనే మందు ఇచ్చే వ్యాన్లు, సూదులు మార్చి ఇచ్చే పథకాలు పెంచారు. అంతకుముందు డ్రగ్స్ వాడేవాళ్లలో ఏటా వెయ్యికి పైగా కొత్త హెచ్ఐవీ కేసులు బయటపడేవి, తర్వాత అవి పదుల్లోకి దిగాయి. మళ్లీ 2012 ప్రాంతంలో ఆర్థిక సంక్షోభం వచ్చి, ఈ పనులన్నీ చూసే సంస్థను విడదీసి, డబ్బు తగ్గించాక ఇబ్బందులు మొదలయ్యాయి. పోర్టో నగరంలో వీధుల్లో వాడకం మళ్లీ కనిపిస్తోందని అక్కడి జనం గొడవ చేస్తున్నారు. చట్టం అదే ఉంది, తగ్గింది చికిత్స.

ఒరెగాన్‌లో డ్రగ్స్ కొద్దిగా దగ్గరుంచుకోవడం నేరం కాదనే చట్టాన్ని, మెజర్ 110 అంటారు దాన్ని, 2020 నవంబరులో 58 శాతం ఓటర్లు ఆమోదించారు. 2021 ఫిబ్రవరి నుంచి డ్రగ్స్ కొద్దిగా దగ్గరుంటే వంద డాలర్ల టికెట్టు, ట్రాఫిక్ చలానా లాంటిది. ఒక హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఆరోగ్య పరీక్ష చేయించుకుంటే ఆ వంద కూడా మాఫీ. చాలామంది డబ్బూ కట్టలేదు, ఫోనూ చేయలేదు, ఎవరూ వెంటపడి అడగలేదు. చికిత్స కేంద్రాలకు చేరాల్సిన డబ్బు ఆలస్యమైంది. సరిగ్గా అప్పుడే ఆ ప్రాంతంలోకి ఫెంటానిల్ దిగింది. హెరాయిన్ కన్నా ఎన్నో రెట్లు బలమైన విషం అది. చావులు పెరిగింది నిజం. అయితే ఫెంటానిల్ వచ్చిన కాలాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే, ఆ పెరుగుదలకు ఈ చట్టమే కారణమని తేలలేదని 2024లో ఒక పరిశోధన చెప్పింది. పోర్ట్‌లాండ్ వీధుల్లో జనం చూసింది చూశారు, ఓపిక పోయింది. 2024 సెప్టెంబరు 1 నుంచి దగ్గర ఉంచుకోవడం మళ్లీ నేరమైంది, ఆరు నెలల దాకా జైలు. అయినా ముందు చికిత్సకు పంపే ఏర్పాటు చాలా కౌంటీల్లో, అంటే మన జిల్లాల లాంటి వాటిలో, పెట్టారు. మీ అమ్మాయి చూసిన బాధ అబద్ధం కాదు. తలుపు తీశారు గానీ, లోపల డాక్టరును కూర్చోబెట్టలేదు.

అంత దూరం ఎందుకు, మన తెలంగాణలోనే మనం చూశాం. 2015 సెప్టెంబరు మీకు గుర్తుండే ఉంటుంది. కల్తీ కల్లు మీద ఎక్సైజ్ వాళ్లు ఒక్కసారిగా బిగించారు. బిగించడం తప్పు కాదు. కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజోపాం, అల్ప్రజోలం కలిపి అమ్మేవాళ్లను పట్టుకోవాల్సిందే. కానీ ఏళ్ల తరబడి రోజూ ఆ మందు కల్లే తాగిన కూలీలు, బీడీలు చుట్టే ఆడవాళ్లు ఉన్నారు. రాత్రికి రాత్రి ఆ మందు ఆగేసరికి వాళ్ల ఒళ్లు తిరగబడింది. నిజామాబాద్ ఆసుపత్రిలోనూ, ఇక్కడ ఎర్రగడ్డలోనూ వార్డులు నిండిపోయాయి. చేతులు వణికిపోతూ, గాల్లో ఏదో పట్టుకోబోతూ, ఎదురుగా ఉన్న భార్యను గుర్తుపట్టక కేకలు పెడుతున్న మనుషులు. కొందరికి మూర్ఛలు వచ్చాయి, ప్రాణాలు కూడా పోయాయి. అల్ప్రజోలం జాతి మందులు, మద్యం హఠాత్తుగా ఆపితే మూర్ఛ వచ్చి చనిపోవచ్చని వైద్యం చదివిన వాళ్లందరికీ తెలుసు. తాగేవాళ్లకు ఏమవుతుందో చూసుకునే మందులు, మంచాలు ముందుగా ఏర్పాటు చేయకుండా సరుకు ఆపారు. చట్టం బిగించినా ఇదే, సడలించినా ఇదే. పేషెంటుకు దారి చూపకపోతే వాడే నలిగిపోతాడు.

కాబట్టి అసలు ప్రశ్నకు నా జవాబు దాచుకోకుండా చెబుతాను. హెరాయిన్, కొకైన్, ఎండీఎంఏ అమ్మడం, తయారు చేయడం, తేవడం నేరంగానే ఉండాలి, శిక్ష గట్టిగానే పడాలి. తన వాడకానికి కొద్దిగా దగ్గరుంచుకున్న మనిషిని మాత్రం క్రిమినల్ కోర్టుకు పంపడం ఆపాలి. 2021లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ కూడా దాదాపు ఇదే సిఫారసు చేసింది, చట్టం మాత్రం మారలేదు. మారాలి. కానీ జిల్లాకో వ్యసన చికిత్స కేంద్రం, అక్కడ రోజూ మందులు, కూర్చుని మాట్లాడే కౌన్సెలర్ లేకుండా రేపు పొద్దున్నే మార్చేయమంటే నేను ఒప్పుకోను. ఎయిమ్స్ వాళ్లు దేశమంతా చేసి 2019లో విడుదల చేసిన సర్వేలో డ్రగ్స్‌కు బానిసైన ఇరవై మందిలో ఒక్కరికే ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్స అందుతోందని తేలింది. మిగతా పందొమ్మిది మంది గురించి ఆలోచించకుండా నేరమా, జబ్బా అని వాదించుకుని ఏం లాభం?

"భయం లేకపోతే అందరూ వాడతారు" అని అన్నయ్యగారు అంటారు. అందులో కొంత నిజం ఉంది. మొదటిసారి చేయి చాచబోయే కుర్రాడిని కేసు భయం ఆపగలదు. అలవాటు పడ్డాక ఆపలేదు. అప్పుడా భయం వాడిని డ్రగ్ నుంచి దూరం చేయదు, డాక్టరు నుంచి, మీ నుంచి దూరం చేస్తుంది.

ఇక మీ ఇంటి సంగతి. పెళ్లి మాట ఆడపడుచుగారు ఇంకెప్పుడూ ఎత్తకుండా చూడండి. మీ వాడి వ్యసనాన్ని నయం చేయడానికి ఎవరో ఒక ఆడపిల్ల తన జీవితాన్ని పెట్టుబడి పెట్టాలా? చికిత్సలో రెండేళ్లు నిలకడగా ఉన్నాక, ఆ అమ్మాయికి అన్నీ చెప్పి, తను ఒప్పుకుంటే అప్పుడు చూద్దాం.

ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగానికి వెళ్లండి. వరంగల్ ఎంజీఎం మీకు దగ్గరే. తెలిసినవాళ్లు కనిపిస్తారని మొహమాటమైతే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది. దేశమంతటికీ 14446 అనే ఉచిత నంబరు ఉంది, మీ దగ్గర్లోని కేంద్రం ఎక్కడో అడిగితే చెబుతారు. అక్కడ మొదట ఇచ్చేది చాలావరకు బ్యూప్రెనార్ఫిన్ అనే మాత్ర. దాన్ని మింగకూడదు, నాలుక కింద పెట్టుకుని కరిగిపోయేదాకా మాట్లాడకుండా కూర్చోవాలి. నర్సు ఎదురుగానే ఉండి చూస్తుంది. ఆవలింతలు, కాళ్ల పీకుడు మొదలయ్యాకే మొదటి మాత్ర ఇస్తారు. హెరాయిన్ ఇంకా ఒంట్లో ఉండగానే ఇస్తే బాధ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అందుకే చివరిసారి ఎప్పుడు వాడాడో డాక్టరుకు కచ్చితంగా చెప్పాలి. ఇంట్లో సొంతంగా మొదలుపెట్టకండి. "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు ఇస్తున్నారు" అని బంధువులు అంటారు. వినకండి. ఈ మాత్ర వేసుకుంటూ నెలల తరబడి, కొందరు ఏళ్ల తరబడి ఉద్యోగం చేసుకుంటారు, ఇల్లు చూసుకుంటారు. పంజాబ్‌లో ప్రభుత్వమే దీనికోసం ఔట్‌పేషెంట్ క్లినిక్‌లు నడుపుతోంది. వారంలో అంతా వదిలించి పంపేస్తామనే చోట మాత్రం తిరగబెట్టే ప్రమాదం చాలా ఎక్కువ.

ప్రైవేటు రీహాబ్‌కు వెళ్లాల్సి వస్తే, ఆ కేంద్రానికి రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో కాగితం చూపించమనండి. సైకియాట్రిస్టు వారానికి ఎన్నిసార్లు వస్తారు, మీరు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చా, వాడు మీతో ఫోన్లో మాట్లాడొచ్చా అని అడగండి. "మూడు నెలలు కనిపించకూడదు, మేం చూసుకుంటాం" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. రాత్రిపూట వ్యాన్ పంపి చేతులు కట్టేసి తీసుకెళ్తామనే వాళ్లకు పిల్లాడిని అప్పగించకండి. తాళ్లు, కర్రలు ఉన్న చోట వైద్యం ఉండదు.

ఉద్యోగం మాన్పించకండి, వీలైతే సెలవు పెట్టించండి. పని లేని రోజు చాలా పొడుగ్గా ఉంటుంది. జీతం కొన్నాళ్లు మీ చేతికి ఇవ్వడానికి ఒప్పుకుంటాడేమో అడగండి, లాక్కోకండి. ఎవరికైనా బాకీ ఉన్నాడా అని మాత్రం తప్పకుండా అడగండి. అప్పు తీర్చలేక సరుకు మోసిపెట్టేవాడిగా మారడం ఇలాగే మొదలవుతుంది. ఒక్కసారి ఆ పనిలో పడితే 64ఏ కూడా వాడిని కాపాడలేదు. ఇక్కడ మీ అన్నయ్యగారి సాయం నిజంగా కావాలి. అలాంటి వాళ్లెవరైనా వాడిని బెదిరిస్తుంటే ఎవరితో మాట్లాడాలో ఆయనకు తెలుసు.

మధ్యలో ఒకసారి, రెండుసార్లు మళ్లీ వాడవచ్చు. అలా జరిగితే చికిత్స ఫెయిలయిందని అనుకోకండి, వెంటనే డాక్టరుకు చెప్పండి. ఎందుకంటే, ఇందాక చెప్పాను కదా, ఆపిన తర్వాత మళ్లీ వాడినప్పుడే ప్రాణం మీదికొస్తుంది. పిలిస్తే పలక్కపోయినా, గురక వింతగా వినిపించినా, ఊపిరి బాగా నెమ్మదించినా, పెదాలు నీలం తిరిగినా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేదాకా పక్కనే ఉండండి. వచ్చాక ఏం వాడాడో, ఎప్పుడు వాడాడో ఏమీ దాచకండి. ఆ విషానికి విరుగుడుగా నలోక్సోన్ అనే ఇంజెక్షన్ ఉంది, సంగతి తెలిస్తేనే ఇస్తారు. పోలీసులొస్తారేమోనన్న భయంతో స్పృహ లేని స్నేహితుడిని గదిలో వదిలేసి పారిపోయే కుర్రాళ్లు ఉంటారు. హైదరాబాద్‌లో మీ వాడి రూమ్మేట్ ఎవరో కనుక్కుని, ఈ పేరాను అతనికి కూడా పంపండి.